స్కిర్మ్ మోడల్‌లో రెండు న్యూక్లియాన్ల మధ్య ఆకర్షణ ఎటు పోయింది?

సాలిటాన్_సతీష్:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి స్కిర్మ్ మోడల్ తీసుకున్నా, అంటే న్యూక్లియాన్లని (ప్రోటాన్, న్యూట్రాన్లని) పయాన్ అనే తేలిక కణం ఫీల్డ్‌లో పడ్డ మెలికలుగా చూసే మోడల్, ఆ మెలికే స్కిర్మియాన్. రెండు స్కిర్మియాన్లని ఎదురెదురుగా పెట్టి, మధ్య దూరం మారుస్తూ ఎనర్జీ లెక్కేసి, అందులోంచి న్యూక్లియాన్ల మధ్య పొటెన్షియల్ తీసి, నిజం పొటెన్షియల్‌కి ఎంత దగ్గరగా ఉందో చూడాలి, ఇదీ పని.

ఒక్క స్కిర్మియాన్ వరకు ఏ గొడవా లేదు. హెడ్జ్‌హాగ్ (ముళ్ళపందిలా అన్ని వైపులా బయటికి చూసే ఫీల్డ్) పెట్టి ప్రొఫైల్ ఫంక్షన్ సాల్వ్ చేశా, దాని విలువ నడిమధ్యలో పై (3.14), దూరంగా పోతే సున్నా, ఎనర్జీ టోపోలాజికల్ బౌండ్‌కి (ఇంతకంటే తగ్గదనే కనీస హద్దుకి) 1.23 రెట్లు వచ్చింది, అందరికీ వచ్చేదే. రెండిటికి మాత్రం ప్రొడక్ట్ యాన్సాట్జ్ వాడా, అంటే ఒకదాని ఫీల్డ్ మ్యాట్రిక్స్‌ని ఇంకోదానితో గుణించేయడమే. దూరంలో టెన్సర్ భాగం, స్పిన్-స్పిన్ భాగం చక్కగా వన్ పయాన్ ఎక్స్చేంజ్‌లాగే (ఒక పయాన్ ఇచ్చిపుచ్చుకుంటే వచ్చే ఫోర్స్‌లాగే) ఉన్నాయి. కానీ స్పిన్‌తో ఐసోస్పిన్‌తో (ప్రోటానా న్యూట్రానా అని చెప్పే లెక్కతో) సంబంధం లేని సెంట్రల్ భాగం చూస్తే దగ్గరా దూరం అని లేకుండా అంతా రిపల్సివే, అంటే తోసుకోవడమే! 1 నుంచి 2 ఫెర్మీల (ఫెర్మీ అంటే 10^-15 మీటర్) మధ్య ఉండాల్సిన ఆకర్షణ గుంట అసలు లేనే లేదు. అది లేకపోతే న్యూక్లియస్ ఎలా నిలబడుద్ది? మా గైడ్‌ని అడిగితే కోడ్ మళ్ళీ చూసుకోమంటున్నారు, చూసుకున్నా, సైన్ గొడవ ఏమీ కనపడట్లేదు. నా కోడ్‌లో తేడానా, మోడల్‌లోనే తేడానా? తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

పాత_ల్యాబ్_మాస్టారు:

కోడ్‌ని ఊరికే అనుమానించకు బాబూ. 1985లో జాక్సన్, జాక్సన్, పాస్కియర్ ఒక పక్క, విన్ మౌ, లకోంబ్ వాళ్ళ గ్రూపు ఇంకో పక్క ఇదే లెక్క చేశారు, వాళ్ళకీ నీకొచ్చిందే వచ్చింది. "మిస్సింగ్ సెంట్రల్ అట్రాక్షన్" అని దానికో పేరు కూడా పడిపోయింది, చాలా ఏళ్ళు జనం దాని మీదే కొట్టుకున్నారు.

అసలు సంగతి తెలిసినవాళ్ళు కింద చెప్తారు గానీ చదివే మిగతావాళ్ళ కోసం కాస్త వెనక కథ. టోనీ స్కిర్మ్ 1961, 62ల్లో చెప్పిన మాట ఏంటంటే ప్రోటాన్, న్యూట్రాన్ అనేవాటిని విడిగా పెట్టక్కర్లేదు, పయాన్ ఫీల్డ్ ఒక్కటి ఉంటే చాలు, ఆ ఫీల్డ్‌లో విప్పడానికి వీల్లేని మెలిక పడితే అదే న్యూక్లియాన్ అని. ఎన్ని మెలికలు ఉంటే అంత బేరియాన్ నంబర్ (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్ని అనే లెక్క). కెల్విన్ 19వ శతాబ్దంలో పరమాణువులంటే ఈథర్‌లో సుడులు అన్నాడు చూడు, స్కిర్మ్‌కి ఆ ఆలోచన అంటే చాలా ఇష్టం. వాళ్ళ ముత్తాత కెల్విన్ దగ్గర ఆటుపోట్లు లెక్కకట్టే యంత్రం మీద పనిచేసినాయన లెండి, చిన్నప్పట్నుంచి ఇంట్లో ఆ వాసన ఉంది.

ఇరవై ఏళ్ళు ఎవడూ పట్టించుకోలేదు. క్యూసీడీ (క్వార్క్‌ల థియరీ) వచ్చాక క్వార్క్‌ల కలర్ల సంఖ్య పెద్దదనుకుంటే బేరియాన్లు సాలిటాన్లలా (చెదరని ఫీల్డ్ ముద్దల్లా) ప్రవర్తిస్తాయని విటెన్ 1979లో చూపించాడు. 1982లో సిరక్యూస్‌లో మన బాలచంద్రన్ గారు, నాయర్, రాజీవ్, స్టెర్న్ కలిసి స్కిర్మ్‌ని మళ్ళీ బయటికి తీశారు (ఈ ముక్క మనవాళ్ళు ఎందుకో చెప్పుకోరు). 83లో విటెన్ ఆ మెలిక ఫెర్మియాన్ ఎందుకవుతుందో తేల్చాడు.

ఇంకోటి, నెట్‌లో "స్కిర్మ్" అని వెతికితే ఎస్ఎల్‌వై4 లాంటివి బోలెడు దొరుకుతాయి. అది స్కిర్మ్ ఫోర్స్, ఆయనదే గానీ వేరే పని, న్యూక్లియస్ లోపల హార్ట్రీ-ఫాక్ లెక్క (ఒక్కో కణం మిగతావాటి సగటు ఫీల్డ్‌లో తిరుగుతుందనే లెక్క) చేయడానికి వాడే కాంటాక్ట్ ఇంటరాక్షన్. నీ ప్రాజెక్ట్‌కి దానికి సంబంధం లేదు, ఆ పేపర్లలో పడి టైం పోగొట్టుకోకు.

హార్ట్రీఫాక్_రమణ:

నా పేరు తీసినట్టున్నారు కాబట్టి వచ్చా 😄

తమ్ముడూ, ఏమనుకోకు గానీ ఈ టాపిక్ ఎవరిచ్చారు నీకు? ఆర్గాన్ ల్యాబ్ వాళ్ళ వీ18 అని 1995 పొటెన్షియల్ ఉంది, 40 పారామీటర్లు, నాలుగు వేల పైచిలుకు స్కాటరింగ్ డేటా పాయింట్లు, ఒక్కో పాయింట్‌కి కై-స్క్వేర్ 1.09 (1 దగ్గరుంటే ఫిట్ బాగున్నట్టు). అంతకంటే ఏం కావాలి? పద్ధతిగా థియరీ కావాలంటే వైన్‌బెర్గ్ 1990లో మొదలుపెట్టిన కైరల్ ఈఎఫ్‌టీ (ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ) ఉంది, అదీ కాదంటే క్యూసీడీనే లాటిస్ (గడుల గ్రిడ్) మీద పెట్టి 2007లో ఇషీ, ఆవోకి, హత్సుదా పొటెన్షియల్ తీశారు, దగ్గర్లో తోసే కోర్ వచ్చింది, గుంటా వచ్చింది. ఇన్ని ఉండగా యాక్సియల్ కప్లింగ్ (న్యూట్రాన్ బీటా డికేలో కనపడే నంబర్) 0.61 ఇచ్చే మోడల్ పట్టుకుని కూర్చోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు. ఉండాల్సింది 1.27 అండీ బాబూ, సగం!

గ్రిడ్_గీత:

రమణ గారూ, వీ18లో 40 పారామీటర్లు ఫిట్ చేశారు, ఇక్కడ ఉన్నవి రెండే, పయాన్ మాస్ కలిపితే మూడు. ఫిట్ బాగుందా అనేది కాదు ఇక్కడ ప్రశ్న, ఆకర్షణ ఎక్కడ్నుంచి పుడుతోంది అనేది. ఆ ప్రశ్నకి ఈ మోడల్ చెప్పే జవాబు నాకు చాలా నచ్చుతుంది, అందుకే పెద్దగా రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు వదిలేయండి.

సతీష్, నువ్వు సెంట్రల్ భాగం ఎలా తీశావు? రెండు స్కిర్మియాన్ల మధ్య ఎనర్జీ దూరం మీదే ఆధారపడదు కదా, ఒకదాంతో పోలిస్తే ఇంకోటి ఎటు తిరిగి ఉంది అనేదాని మీద కూడా ఆధారపడుతుంది. దూరం నుంచి చూస్తే ఒక్కో స్కిర్మియాన్ మూడు పయాన్ డైపోల్స్‌లాగా కనపడుతుంది, ఒకదానికొకటి లంబంగా. పయాన్ మాస్ సున్నా అనుకుంటే వాటి మధ్య ఎనర్జీ దూరం క్యూబ్‌తో తగ్గుతుంది. రెండిటినీ కలిపే గీతకి లంబంగా ఉన్న ఏదో ఒక యాక్సిస్ చుట్టూ ఒకదాన్ని 180 డిగ్రీలు తిప్పావనుకో, బాగా లాక్కుంటాయి, దాన్నే అట్రాక్టివ్ ఛానెల్ అంటారు. వేరేలా తిప్పితే తోసుకుంటాయి. అంటే క్లాసికల్‌గా చూస్తే ఆకర్షణకి కరువేం లేదు, కావలసినంత ఉంది!

పోయేది ఎక్కడంటే తర్వాతి స్టెప్‌లో. ప్రోటాన్ అంటే ఒకవైపు తిరిగి నిలబడ్డ స్కిర్మియాన్ కాదు, అన్ని ఓరియంటేషన్ల మీదా పరుచుకున్న వేవ్ ఫంక్షన్, స్పిన్ 1/2 ఉన్న రోటర్ (తిరిగే వస్తువు). నువ్వు సెంట్రల్ భాగం తీసినప్పుడు చేసేది అన్ని ఓరియంటేషన్ల మీద యావరేజ్. డైపోల్ ఎనర్జీని అలా యావరేజ్ చేస్తే సున్నా. మిగిలేది దగ్గరికొచ్చినప్పుడు ఒకదాన్నొకటి నొక్కుకునే ఎనర్జీ, అది పాజిటివే ఉంటుంది. అందుకే నీ కర్వ్ అంతా పైనే ఉంది. లాక్కునే ఓరియంటేషన్లూ తోసుకునే ఓరియంటేషన్లూ సమానంగా కలిపేసి "ఆకర్షణ లేదు" అంటున్నాం అన్నమాట.

కానీ న్యూక్లియాన్లు దగ్గరికొచ్చినప్పుడు కూడా అదే వేవ్ ఫంక్షన్‌తో ఎందుకుంటాయి? లాక్కునే వైపుకి కొంచెం మొగ్గుతాయి కదా. రోటర్ కాస్త ఒకవైపు మొగ్గాలంటే పై లెవెల్స్ కలవాలి, న్యూక్లియాన్ పైన ఉన్న లెవెల్ డెల్టా అనే బరువైన కణం, 1232 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు). సో ఎన్‌-డెల్టా (ఎన్ అంటే న్యూక్లియాన్), డెల్టా-డెల్టా స్టేట్స్‌ని కలుపుకుని సెకండ్ ఆర్డర్ పెర్టర్బేషన్ చేస్తే ఎనర్జీ తప్పకుండా కిందికి దిగుతుంది, గ్రౌండ్ స్టేట్‌కి సెకండ్ ఆర్డర్ ఎప్పుడూ నెగెటివే. రెండు న్యూట్రల్ అణువుల మధ్య వాన్ డెర్ వాల్స్ ఫోర్స్ ఎలా పుడుతుందో ముమ్మూర్తులా అదే మెకానిజం, అందుకే పయాన్ మాస్ లేకపోతే ఇక్కడా ఆరో పవర్ వస్తుంది. ఫినామినాలజీ వాళ్ళు సిగ్మా మీసాన్ అని ఒకటి పెట్టి నడిపించే మిడ్ రేంజ్ ఆకర్షణలో పెద్ద వాటా ఇదే, రెండు పయాన్లు మారడం, మధ్యలో డెల్టా.

1992, 93ల్లో వాలెట్, అమాడో వాళ్ళు ఇది బార్న్-ఓపెన్‌హైమర్ పద్ధతిలో (దూరాన్ని కదపకుండా ఉంచి మిగతాది ముందు సాల్వ్ చేసే పద్ధతి) చేసి చూపించారు. వాళ్ళు పెర్టర్బేషన్‌తో సరిపెట్టకుండా ప్రతి దూరంలోనూ ఆ మ్యాట్రిక్స్‌ని నేరుగా డయాగనలైజ్ చేశారు, చేయాలి కూడా, ఎందుకంటే కలర్లు ఎక్కువయ్యే కొద్దీ పొటెన్షియల్ పెరుగుతుంది, డెల్టా గ్యాప్ తగ్గుతుంది, దగ్గర దూరాల్లో పెర్టర్బేషన్ నిలవదు. సెంట్రల్ ఆకర్షణ గట్టిగానే వచ్చింది.

ఇక ప్రొడక్ట్ యాన్సాట్జ్ తప్పు వేరే ఉంది. మ్యాట్రిక్సులు కాబట్టి ఒకటి ముందు రెండు వెనక గుణిస్తే ఒకలా, తిప్పి గుణిస్తే ఇంకోలా ఉంటుంది, రెండు ఒకేలాంటి పార్టికల్స్‌కి అదెలా కుదురుద్ది? పైగా రెండూ ఆకారం మార్చుకోకుండా రాళ్ళలా దగ్గరికొస్తాయి. నిజంగా ఫీల్డ్‌ని రిలాక్స్ అవ్వనిస్తే బేరియాన్ నంబర్ 2కి మినిమమ్ ఎనర్జీ ఆకారం గారెలాగా ఉంటుంది, మధ్యలో చిల్లుతో సహా. ఏ మెలిక ఎవరిదో చెప్పలేం. 1987లో కోపెలియోవిచ్, స్టెర్న్ ఒక పక్క, వెర్బార్షాట్ ఇంకో పక్క దాన్ని పట్టుకున్నారు. ప్రొడక్ట్ యాన్సాట్జ్‌తో ఆ ఆకారానికి ఎప్పటికీ చేరలేవు. కావాలంటే అతియా-మాంటన్ 1989లో చెప్పిన ఇన్‌స్టాంటాన్ పద్ధతి వాడు, దాంట్లో దూరంగా ఉన్న రెండు స్కిర్మియాన్ల నుంచి టోరస్ (ఆ గారె ఆకారం) దాకా అంతా ఒకే ఫార్ములాలో వస్తుంది.

సాలిటాన్_సతీష్:

మేడమ్ ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా చాలా థ్యాంక్స్. యావరేజ్ దగ్గరే పోతుంది అనేది నాకు అస్సలు తట్టలేదు, నేను ఆ ఇంటెగ్రల్ ఏదో ఫార్మాలిటీ అనుకుని చేసేశా. డెల్టా కలిపి చేస్తా.

ఒక డౌట్. పారామీటర్లు ఏవి పెట్టాలి? ఇప్పుడు యాడ్కిన్స్-నాపీ-విటెన్ 1983 వాల్యూసే పెట్టా, ఎఫ్ పై (పయాన్ డికే కాన్‌స్టంట్) 129 ఎంఈవీ, 'ఈ' (స్కిర్మ్ టర్మ్ బలం చెప్పే నంబర్) 5.45. ఇంకోటి, టోరస్ ఎనర్జీ చూస్తే ఒక్కో బేరియాన్‌కి బౌండ్‌కి 1.18 రెట్లు, విడిగా 1.23, అంటే 4 శాతం తేడా, రెండిటికీ కలిపి 70 ఎంఈవీ పైనే బైండింగ్ వస్తుంది. డ్యూటెరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ జంట) బైండింగ్ 2.2 ఎంఈవీ కదా??

పాత_ల్యాబ్_మాస్టారు:

ఆ 129 ఎలా వచ్చిందో ముందు చేత్తో వేసి చూడు, అప్పుడు దాని మీద ఎంత నమ్మకం పెట్టాలో తెలుస్తుంది. రోటర్ ఎనర్జీ అంటే జె(జె+1)ని (జె అంటే స్పిన్) ఇనర్షియాకి రెండు రెట్లతో భాగించి క్లాసికల్ మాస్‌కి కలపడమే. న్యూక్లియాన్‌కి జె 1/2, అంటే 3/4. డెల్టాకి 3/2, అంటే 15/4. తేడా 3. డెల్టా 1232, న్యూక్లియాన్ 939, మధ్య గ్యాప్ 293, మూడుతో భాగిస్తే ఒక్కో యూనిట్‌కి 98. న్యూక్లియాన్‌లో తిరుగుడు వాటా 73 ఎంఈవీ, అది తీసేస్తే క్లాసికల్ మాస్ 866. ఈ రెండు నంబర్లకి, అంటే మాస్‌కీ ఇనర్షియాకీ, రెండు పారామీటర్లు ఫిట్ చేశారు, అంతే. ఎఫ్ పై అసలు వాల్యూ 186, వాళ్ళకి 129 వచ్చింది. పయాన్ కప్లింగ్ 8.9 వస్తుంది, ఉండాల్సింది 13.5, పొటెన్షియల్‌లో అది స్క్వేర్ అవుతుంది కాబట్టి నీ దూరపు తోకే సగానికి తక్కువ ఉంటుంది.

పోనీ అసలు వాల్యూ పెడదామా అంటే, ఎఫ్ పై 186, 'ఈ' 4.25 పెట్టి చూడు, మాస్ 36.5 ఇంటూ ఎఫ్ పై బై 'ఈ' కాబట్టి 1600 దగ్గరికి పోతుంది. దానికి క్యాసిమిర్ ఎనర్జీ (ఫీల్డ్ క్వాంటం కదలికల ఎనర్జీ) లెక్కలో కలిపితే కొన్ని వందల ఎంఈవీ కిందికి దిగుతుందని తర్వాత తేల్చారు, మీ ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌లో దాని జోలికి పోవద్దు. రెండు సెట్లూ పెట్టి కర్వ్‌లు రెండూ ఒకే గ్రాఫ్‌లో చూపించు, ఎగ్జామినర్ అడగబోయే ప్రశ్న అదే.

గ్రిడ్_గీత:

బైండింగ్ గురించి: అది నిజంగానే మోడల్ తేడా, ఇక్కడ మాత్రం నీ డౌట్ కరెక్ట్. టోరస్‌ని గట్టి వస్తువులా క్వాంటైజ్ చేస్తే (బ్రాటెన్, కార్సన్ 1988) స్పిన్ 1, ఐసోస్పిన్ 0 గ్రౌండ్ స్టేట్‌గా వస్తుంది, డ్యూటెరాన్‌కి ఉండాల్సినవే, కానీ సైజ్ మరీ చిన్నది, బైండింగ్ మరీ ఎక్కువ. అసలు డ్యూటెరాన్ చాలా వదులుగా ఉంటుంది, రెండు న్యూక్లియాన్లు ఎక్కువ టైం ఒకదానికొకటి దూరంగానే గడుపుతాయి. 1995లో లీస్, మాంటన్, ష్రోయర్స్ అట్రాక్టివ్ ఛానెల్ వెంట విడిపోయే కదలికని కూడా క్వాంటైజ్ చేస్తే బైండింగ్ 6 ఎంఈవీ దగ్గరికి దిగొచ్చింది. 70 పైన ఉన్నది 6! క్లాసికల్ మినిమమ్ ఎనర్జీని చూసి బైండింగ్ అనేయకూడదు అనేదానికి ఇంతకంటే ఎగ్జాంపుల్ ఏం కావాలి.

పెద్ద న్యూక్లియస్‌లకి మాత్రం అది చాలదు. నిజంలో బైండింగ్ మాస్‌లో ఒక శాతం లోపే, హీలియం-4కి ఒక్కో న్యూక్లియాన్‌కి 7 ఎంఈవీ. మోడల్‌లో క్యూబ్ ఆకారంలో ఉండే బేరియాన్ నంబర్ 4కి 9 శాతం దాకా వస్తుంది. దీనికోసమే లాగ్రాంజియన్‌నే (మోడల్ మూల ఫార్ములానే) మార్చారు, 2010లో ఆడమ్, సాంచెజ్-గియెన్, వెరెష్చిన్‌స్కీ బీపీఎస్ స్కిర్మ్ మోడల్, 2015లో గిలార్డ్, హార్లాండ్, స్పైట్ లైట్లీ బౌండ్ మోడల్, 2018లో నాయా, సట్‌క్లిఫ్ రో మీసాన్లు కలిపి చేసింది. ఈ మూడోది నాకు ఎక్కువ ఇష్టం. పయాన్ ఒక్కటే కాదు, దాని తర్వాత బరువైన మీసాన్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటే బైండింగ్ దానంతటదే తగ్గుతుంది, ఏదో ఒక టర్మ్ తెచ్చి అతికించినట్టు ఉండదు.

మాగ్నెట్_మల్లేశ్:

స్కిర్మియాన్ అంటే మా అయస్కాంతాలల్ల ఉండేటివే కదా అని ఓపెన్ చేసిన, ఇక్కడ వేరే లోకం నడుస్తుంది 😅 మాంగనీస్ సిలిసైడ్‌ల 2009ల కనవడ్డయి అవి. వాటికీ వీటికీ సంబంధం ఏమన్న ఉన్నదా అన్నా?

పాత_ల్యాబ్_మాస్టారు:

గణితం చుట్టరికం ఉంది, ఫిజిక్స్ వేరు. మీది రెండు డైమెన్షన్లలో స్పిన్ల మెలిక, ఇది మూడు డైమెన్షన్లలో పయాన్ ఫీల్డ్ మెలిక. మీకు సైజు కుదించుకుపోకుండా పట్టి ఉంచేది మామూలుగా జ్యాలోషిన్‌స్కీ-మోరియా ఇంటరాక్షన్, ఇక్కడ స్కిర్మ్ పెట్టిన నాలుగు డెరివేటివ్‌ల టర్మ్. రెండు డెరివేటివ్‌ల టర్మ్ ఒక్కటే ఉంటే, సాలిటాన్‌ని సగం సైజుకి నొక్కితే ఎనర్జీ సగమవుతుంది, ఇంకా నొక్కితే ఇంకా తగ్గుతుంది, చివరికి చుక్క అయిపోతుంది. నాలుగు డెరివేటివ్‌లది నొక్కేకొద్దీ పెరుగుతుంది. రెండూ సమానమైన చోట ఆగుతుంది. సతీష్, నీ ప్రొఫైల్‌కి ఆ రెండు ఎనర్జీలు విడివిడిగా ప్రింట్ చేయించు, సమానంగా రాకపోతే సొల్యూషన్ ఇంకా కుదరలేదని అర్థం.

హార్ట్రీఫాక్_రమణ:

సరే ఆకర్షణ వచ్చింది, ఒప్పుకుంటున్నా, వాన్ డెర్ వాల్స్ వాదన బాగుంది. మరి స్పిన్-ఆర్బిట్ (స్పిన్‌నీ కక్ష్యలో తిరుగుడునీ ముడిపెట్టే ఫోర్స్) సంగతేంటి గీత గారూ? 28 నుంచి పైనున్న మేజిక్ నంబర్లు (న్యూక్లియస్ మరీ గట్టిగా ఉండే సంఖ్యలు) దాని మీదే నిలబడ్డాయి, 1949లో మేయర్, జెన్సన్ చెప్పినప్పట్నుంచి. నాకు తెలిసి మీ మోడల్‌లో దాని సైన్ కూడా తలకిందులే వచ్చింది.

గ్రిడ్_గీత:

వచ్చింది, 80లు, 90ల్లో ప్రొడక్ట్ యాన్సాట్జ్‌తో చేసినవాళ్ళకి ఐసోస్కేలార్ (ఐసోస్పిన్‌తో సంబంధం లేని) స్పిన్-ఆర్బిట్ ఉల్టా సైన్‌తో వచ్చింది. ఇన్నేళ్ళూ స్కిర్మ్ మోడల్ వాళ్ళని అందరూ పొడిచింది దాంతోనే. 2020లో హాల్‌క్రో, హార్లాండ్ ఇద్దరూ ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో దాన్ని సరిచేశారు, ఏం చేశారో వింటే నవ్వొస్తుంది, పైన సతీష్‌కి చెప్పిందే! దూరంగా ఉన్న స్కిర్మియాన్లని డైపోల్స్‌గా తీసుకుని, కదలిక మీద ఆధారపడే భాగాన్ని కూడా కలుపుకుని, సెకండ్ ఆర్డర్ దాకా వెళ్ళారు. ఫస్ట్ ఆర్డర్‌లో ఒక సైన్, సెకండ్ ఆర్డర్ కలిపాక ఇంకో సైన్. డెల్టాని వదిలేసి న్యూక్లియాన్ ఫోర్స్ లెక్కేస్తే సెంట్రల్‌లోనూ దెబ్బే, స్పిన్-ఆర్బిట్‌లోనూ దెబ్బే.

వీ18 అంత ఫిట్ వస్తుందా అంటే రాదు, స్కాటరింగ్ డేటా ఫిట్ చేయాలంటే నేను కూడా మీ దగ్గరికే వస్తా.

సతీష్, కోడ్ వైపు కొన్ని మాటలు చెప్పి ఆపేస్తా. మ్యాట్రిక్స్ బదులు నాలుగు కాంపొనెంట్ల ఫీల్డ్ తీసుకో, సిగ్మా ఒకటి, పయాన్లు మూడు, ప్రతి స్టెప్ తర్వాత వాటి స్క్వేర్ల మొత్తం 1 అయ్యేలా నార్మలైజ్ చెయ్. బేరియాన్ నంబర్ ఇంటెగ్రల్ ఎప్పటికప్పుడు ప్రింట్ చేయించు, 2 రావాల్సిన చోట 1.9 వస్తుంటే గ్రిడ్ ముతకగా ఉంది, ఆ ఎనర్జీలు నమ్మకు. బాక్స్ చిన్నదైతే పయాన్ తోక గోడకి తగిలి రిపల్షన్ ఉన్నట్టు కనిపిస్తుంది, పయాన్ మాస్ పెట్టు, తోక త్వరగా చస్తుంది. ప్రాజెక్ట్‌కి టైం తక్కువ ఉంటే ఫుల్ రిలాక్సేషన్ జోలికి పోకుండా, 2 ఫెర్మీల పైన మాత్రం డైపోల్ పొటెన్షియల్ తీసుకుని ఎన్ఎన్, ఎన్‌-డెల్టా, డెల్టా-డెల్టా మ్యాట్రిక్స్ రాసి డయాగనలైజ్ చెయ్, లాప్‌టాప్ మీదే అయిపోతుంది. ఆ కర్వ్ పక్కన నీ పాత యావరేజ్ కర్వ్ పెడితే మీ గైడ్‌కి వేరే వివరించక్కర్లేదు.

సాలిటాన్_సతీష్:

ఇదే చేస్తా మేడమ్. మాస్టారూ, రెండు ఎనర్జీలూ ప్రింట్ చేయించా, మూడో డెసిమల్ దాకా సమానంగానే ఉన్నాయి. పయాన్ మాస్ 138 పెట్టి రన్ వేశా. ఎన్‌-డెల్టా మ్యాట్రిక్స్‌లో స్పిన్ ట్రాన్సిషన్ ఆపరేటర్ల నార్మలైజేషన్ పుస్తకానికో రకంగా ఉంది, దాని మీద ఇంకో పోస్ట్ వేస్తా, అక్కడికీ రండి అందరూ, రమణ గారు కూడా.

హార్ట్రీఫాక్_రమణ:

వస్తా, తిట్టడానికైనా వస్తా. నార్మలైజేషన్ అంటావా, డెల్టా కణం అన్ని స్టేట్స్ మీద సమ్ చేస్తే 2/3 క్రోనెకర్ డెల్టా ఐజే మైనస్ ఐ/3 ఎప్సిలాన్ ఐజేకే సిగ్మా కే రావాలి, ఏ పుస్తకంలో అది వస్తే ఆ పుస్తకంతోనే చివరిదాకా వెళ్ళు, మధ్యలో మార్చకు.